డౌన్ సిండ్రోమ్ బిడ్డ ఉన్న ఇంటికి అండ: పుట్టిన రోజు నుంచి 'మా తర్వాత ఎవరు?' దాకా

బిడ్డ పుట్టిందంటే ఇంట్లో మిఠాయి డబ్బా తెరుచుకోవాలి. కొన్ని ఇళ్లలో మాత్రం ఆ డబ్బా అల్మారాలోనే ఉండిపోతుంది. డాక్టరు తండ్రిని పక్కకు పిలిచి, 'డౌన్ సిండ్రోమ్ అనిపిస్తోంది, ఒక రక్తపరీక్ష చేయిద్దాం' అంటారు. ఆయనకు ఆ తర్వాత చెప్పిన మాటలేవీ చెవికెక్కవు. తల్లికి ఇప్పుడే చెప్పాలా వద్దా అని పెద్దవాళ్లు వరండాలో గుసగుసలాడుకుంటారు. ఆ వారం రోజులూ ఇంటికి ఎందరో వస్తారు. జాలిపడేవాళ్లు వస్తారు, మందులు చెప్పేవాళ్లు వస్తారు, ఎవరి పాపమో అని గొణిగేవాళ్లూ వస్తారు. రావాల్సిన ఒక్క మనిషి మాత్రం రారు. 'మా ఇంట్లోనూ ఇలాంటి బాబే ఉన్నాడమ్మా, ఇప్పుడు వాడికి పన్నెండేళ్లు, ఒకసారి వచ్చి చూడండి' అని చెప్పే మనిషి.

అలాంటి మనిషి దొరికిన కుటుంబం తొందరగా తేరుకుంటుంది. దొరకని కుటుంబం నెలల తరబడి తలుపులు వేసుకుని కూర్చుంటుంది. బిడ్డ గుండెకు పరీక్ష చేయించాల్సిన రోజులు, కండరాలకు వ్యాయామం మొదలుపెట్టాల్సిన రోజులు ఆ ఏడుపులోనే గడిచిపోతాయి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి కుటుంబాలకు సాయం లేదనుకోవద్దు. ఆసుపత్రిలో ఉంది, బడిలో ఉంది, కలెక్టరాఫీసులో కూడా ఉంది. కాకపోతే అన్నీ ఒకచోట లేవు. ఒక్కో వయసుకు ఒక్కో తలుపు తట్టాలి. ఏ వయసులో ఏ తలుపు తట్టాలో బాగా చెప్పగలిగేది ఆ దారిలో ముందు నడిచిన తల్లిదండ్రులే. అందుకే ప్రభుత్వ పథకాలతో పాటు కుటుంబాలు కుటుంబాలకు ఇచ్చుకునే సాయం గురించి కూడా ఇక్కడ తెలుసుకుందాం.

ఎవరి తప్పూ కాదు

మన శరీరంలోని కణాల్లో మామూలుగా 46 క్రోమోజోములు ఉంటాయి. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుంది. అంటే మొత్తం 47. ఆ ఒక్క అదనపు క్రోమోజోము వల్లే ముఖకవళికలు కొంచెం వేరుగా ఉంటాయి, కండరాలు మెత్తగా ఉంటాయి, నడక, మాట, చదువు ఆలస్యంగా వస్తాయి. ఇది అంటుకునే జబ్బు కాదు. మందుతో పోయేదీ కాదు.

ఇంగ్లిషులో 'డౌన్' అంటే కింద అని కదా, బుద్ధి తక్కువ అని ఆ పేరు పెట్టారేమో అని చాలామంది అనుకుంటారు. అది ఒక డాక్టరు ఇంటిపేరు మాత్రమే. బ్రిటన్ వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో ఈ లక్షణాలను వివరించారు. అసలు కారణం అదనపు క్రోమోజోము అని 1959లో ఫ్రాన్స్‌లో జెరోమ్ లెజూన్ బృందం ప్రకటించింది. మూడు 21వ క్రోమోజోములు కాబట్టి మూడో నెల 21న, అంటే మార్చి 21న, ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం జరుపుతారు. ఐక్యరాజ్య సమితి 2012 నుంచి దాన్ని పాటిస్తోంది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1,000 నుంచి 1,100 కాన్పుల్లో ఒక బిడ్డ డౌన్ సిండ్రోమ్‌తో పుడుతుందని ఆ సంస్థ చెబుతోంది. ధనిక పేద, కులం మతం తేడా దీనికి లేదు.

మరి నిందలు ఎవరి మీద పడతాయి? ఎక్కువగా తల్లి మీదే. గ్రహణం రోజు బయటికి వెళ్లిందనీ, నజర్ తగిలిందనీ, మేనరికం చేసుకున్నారనీ అంటారు. వీటిలో ఏదీ కారణం కాదు. కొన్ని జన్యు జబ్బులు దగ్గరి బంధువుల పెళ్లిళ్ల వల్ల పెరుగుతాయన్నది నిజమే. డౌన్ సిండ్రోమ్ మాత్రం ఆ కోవలోకి రాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుందన్నది కూడా నిజం. 35 ఏళ్ల తల్లికి సుమారు 350లో ఒకటి, 40 ఏళ్ల తల్లికి సుమారు 100లో ఒకటి. అయినా చిన్న వయసు తల్లులకే కాన్పులు ఎక్కువ కాబట్టి ఈ పిల్లల్లో ఎక్కువమంది పడుచు తల్లులకే పుడుతున్నారు.

అక్క పెళ్లి సంబంధం మాట

బయటికి చెప్పుకోని భయం ఇంకోటి ఉంది. 'ఇంట్లో ఇలాంటి పిల్లాడున్నాడని తెలిస్తే పెద్దమ్మాయికి రిష్తా ఎలా వస్తుంది?' ఈ ఒక్క మాట వల్ల ఎందరో పిల్లలు చుట్టాలొచ్చినప్పుడు లోపలి గదికి పరిమితమవుతున్నారు. పెళ్లిళ్లకు వెళ్లరు, పండక్కి బయటికి రారు.

దీనికి జవాబు ఒక కాగితంలో ఉంది. దాని పేరు కార్యోటైప్ రిపోర్టు. డాక్టరు బిడ్డకు చేయించమనే రక్తపరీక్ష ఇదే. సుమారు 95 శాతం మందిలో అదనపు క్రోమోజోము విడిగా ఉంటుంది. అది అప్పటికప్పుడు జరిగిన మార్పు, వంశపారంపర్యం కాదు. అక్కకు గానీ అన్నకు గానీ దాని వల్ల ముప్పు రాదు. ఒకటి రెండు శాతం మందిలో కొన్ని కణాల్లోనే అదనపు క్రోమోజోము ఉంటుంది, దాన్ని మొజాయిక్ అంటారు. మూడు నాలుగు శాతం మందిలో అదనపు భాగం ఇంకో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది, దాన్ని ట్రాన్స్‌లొకేషన్ అంటారు. ఈ రకంలో మాత్రం కొన్నిసార్లు తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండొచ్చు. అప్పుడు తల్లిదండ్రులకూ పరీక్ష చేస్తారు, అవసరమైతే అక్కాచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ చేస్తారు.

కాబట్టి ఆ రిపోర్టును పారేయొద్దు. బిడ్డ జనన ధ్రువపత్రంతో పాటు దాచండి. పదిహేనేళ్ల తర్వాత సంబంధం మాట్లాడేటప్పుడు ఎవరైనా అడిగితే, దాచిపెట్టడం కన్నా ఆ కాగితం చూపించడమే గౌరవంగా ఉంటుంది.

ముందు మొదలుపెట్టింది తల్లిదండ్రులే

డౌన్ సిండ్రోమ్ కుటుంబాలకు సాయం చేసే సంఘాల చరిత్ర చూస్తే దాదాపు ప్రతిచోటా ముందు ఎవరో ఒక అమ్మ, నాన్న కనిపిస్తారు. అమెరికాలోని షికాగోలో 1960లో కొందరు తల్లిదండ్రులు ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పట్లో డాక్టర్లు ఇలాంటి బిడ్డను ఇంటికి తీసుకెళ్లొద్దు, ఏదైనా ఆశ్రమంలో చేర్పించండి అనే చెప్పేవారు. ఆ మాట వినకుండా పిల్లల్ని ఇంటికి తెచ్చుకుని పెంచినవాళ్లు పెట్టిన సంఘమది. మన దేశంలో 1984లో చెన్నైలో మొదలైన డౌన్ సిండ్రోమ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కూడా అలాంటిదే. తన కూతురికి డౌన్ సిండ్రోమ్ అని తెలిశాక డాక్టర్ సురేఖా రామచంద్రన్ దాన్ని ప్రారంభించారు. మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంఘాలన్నిటికీ జాతీయ స్థాయిలో 'పరివార్' అనే సమాఖ్య ఉంది.

ఈ సంఘాలు చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైనది చూడ్డానికి చిన్నగానే ఉంటుంది. కొత్తగా బిడ్డ పుట్టిన ఇంటికి పాత తల్లి ఒకరు వెళ్లడం. చికిత్స చెప్పరు, ఉపన్యాసం ఇవ్వరు. పాలు తాగట్లేదంటే తమ బిడ్డ ఎలా తాగిందో చెబుతారు. కండరాలు మెత్తగా ఉండటం వల్ల ఈ పిల్లలు పాలు తాగడానికి ఎక్కువ సేపు తీసుకుంటారు, మధ్యలో నిద్రపోతారు. అది తెలియక 'పాలు పడట్లేదు' అని తల్లిపాలు మాన్పించేస్తారు. ఓపిక పడితే చాలామంది పిల్లలు తల్లిపాలు తాగగలుగుతారు. పక్కన కూర్చుని ఈ మాట చెప్పే మనిషి విలువ ఆ తల్లికే తెలుసు.

ఆయుష్షు పెరిగింది, ప్రశ్న మారింది

ఇక్కడ ఒక లెక్క చూడాలి. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుష్షు 1983లో సుమారు 25 ఏళ్లు. ఇప్పుడు సుమారు 60 ఏళ్లు. గుండె ఆపరేషన్లు, మంచి వైద్యం, ఇంట్లో పెంపకం దీనికి కారణాలు. మన దగ్గర కూడా సకాలంలో వైద్యం అందిన పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు.

ఇది సంతోషకరమైన మాట. కానీ దీనివల్ల సాయం అనే మాటకు అర్థం మారిపోయింది. ఒకప్పుడు తల్లిదండ్రుల కళ్ల ముందే బిడ్డ వెళ్లిపోయేది. ఇప్పుడు బిడ్డ తల్లిదండ్రుల తర్వాత కూడా బతుకుతుంది. ఇలాంటి పిల్లలున్న ఏ ఇంటికెళ్లినా, ఉర్దూలో అయినా తెలుగులో అయినా, ఒకే ప్రశ్న వినిపిస్తుంది. 'హమారే బాద్ ఇస్కా కౌన్?' మేం పోయాక వీడికెవరు? ఈ ప్రశ్నకు అరవయ్యో ఏట జవాబు వెతికితే దొరకదు. బిడ్డ పుట్టిన ఏడాది నుంచే ఒక్కో మెట్టూ కట్టుకుంటూ రావాలి.

మొదటి మెట్టు: గుండె, థైరాయిడ్, చెవి, కన్ను

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. పైకి బాగానే కనిపించినా, డాక్టరుకు స్టెతస్కోపులో ఏమీ వినిపించకపోయినా, ఎకో పరీక్ష తప్పకుండా చేయించాలి. కొన్ని లోపాలకు మొదటి కొన్ని నెలల్లోనే ఆపరేషన్ చేయాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగిపోయి, తర్వాత ఆపరేషన్ చేసే వీలు కూడా ఉండదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద అర్హులైన కుటుంబాల పిల్లలకు గుండె ఆపరేషన్లు చేస్తారు.

థైరాయిడ్ పరీక్ష పుట్టినప్పుడు, ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ప్రతి ఏడూ చేయించాలి. వినికిడి, చూపు పరీక్షలు కూడా మరిచిపోవద్దు. పిలిస్తే పలకట్లేదు, బుద్ధి లేదు అనుకున్న పిల్లలకు చెవిలో నీరు చేరి వినపడకపోవడం మామూలే. మెడ ఎముకలు వదులుగా ఉండే అవకాశం ఉంది కాబట్టి పల్టీలు కొట్టించే ముందు, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే ముందు డాక్టరుకు ఆ సంగతి గుర్తుచేయాలి.

వైద్యంతో పాటు చిన్నప్పటి నుంచే ఫిజియోథెరపీ, మాట నేర్పే స్పీచ్ థెరపీ మొదలవ్వాలి. దీనికి ప్రభుత్వ దారులు ఇవి:

- 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని పరీక్షిస్తారు. వాళ్లు చూసే పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది. అక్కడి నుంచి డైస్ అని పిలిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. ఆశా కార్యకర్తను అడిగితే దారి చెబుతారు.
- సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో మేధో దివ్యాంగుల జాతీయ సంస్థ ఉంది. 1984లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థను ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. పరీక్షలు, థెరపీ, ప్రత్యేక బడి, తల్లిదండ్రులకు శిక్షణ అన్నీ అక్కడే ఉంటాయి.
- ఆంధ్రప్రదేశ్ వాళ్లకు నెల్లూరులో సీఆర్సీ అనే ప్రాంతీయ కేంద్రం ఉంది. సికింద్రాబాద్, నెల్లూరు రెండు చోట్లా 2021 నుంచి చిన్నపిల్లల కోసం ప్రత్యేకంగా సత్వర చికిత్సా కేంద్రాలు నడుస్తున్నాయి.

థెరపీ అంటే వారానికి గంట సేపు ఎవరో చేసేది అనుకోవద్దు. ఆ గంటలో అమ్మ నేర్చుకుని మిగతా రోజులంతా ఇంట్లో చేయించేదే అసలు థెరపీ. నాన్న, అన్న, ఖాలా, నానమ్మ అందరూ నేర్చుకుంటే భారం ఒక్క మనిషి మీద పడదు.

ఇంటి భాష మానక్కర్లేదు

మన ఇళ్లలో తరచూ వచ్చే సమస్య ఇది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిషు. 'బిడ్డ కంగారు పడుతుంది, ఒక్క భాషే మాట్లాడండి' అని కొందరు సలహా ఇస్తారు. అది విని తల్లి తనకు రాని ఇంగ్లిషులో నాలుగు ముక్కలు మాట్లాడుతూ, జోలపాట కూడా మానేస్తుంది.

రెండు భాషల మధ్య పెరిగే డౌన్ సిండ్రోమ్ పిల్లల మీద పరిశోధనలు జరిగాయి. రెండో భాష వల్ల మొదటి భాష దెబ్బతిన్నట్టు వాటిలో కనిపించలేదు. ఒక భాషే వినే డౌన్ సిండ్రోమ్ పిల్లలకు మాట ఎంత ఆలస్యమవుతుందో, రెండు భాషలు వినే వాళ్లకూ దాదాపు అంతే. కాబట్టి మీకు ప్రేమగా వచ్చే భాషలోనే మాట్లాడండి. ఈ పిల్లలకు అర్థమయ్యేది ఎక్కువ, చెప్పగలిగేది తక్కువ. చేతి సైగలు, బొమ్మలు చూపిస్తూ మాట్లాడితే నోటి మాటకు దారి పడుతుంది. సైగలు నేర్పితే మాటలు రావన్నది అపోహ.

రెండో మెట్టు: కాగితాలు

కాగితాలంటే అందరికీ విసుగే. కానీ చాలా పథకాలకు మొదట అడిగేది ఒక్క కాగితమే, వైకల్య ధ్రువపత్రం. తెలంగాణలో యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో సదరం క్యాంపుకు స్లాటు బుక్ చేసుకోవాలి. అక్కడ వైద్యుల బృందం పరీక్షించి శాతం నిర్ణయిస్తుంది. దాంతో పాటు దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు కూడా తీసుకోండి. చిన్న వయసులో ఇచ్చే ధ్రువపత్రం తాత్కాలికం. గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసుకుని మళ్లీ పరీక్షకు వెళ్లాలి. గడువు దాటిపోతే పెన్షన్ ఆగిపోయే ప్రమాదముంది.

40 శాతం, ఆపైన వైకల్యం ఉందని తేలితే:

- అర్హత ఉన్న కుటుంబాలకు పెన్షన్ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పెన్షన్‌ను నెలకు 6,000 రూపాయలకు పెంచారు. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెంచారు.
- పాత పన్ను విధానంలో రిటర్ను వేసే తల్లిదండ్రులకు ఆదాయంలో 75,000 రూపాయల మినహాయింపు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది.

ఒంటరిగా ప్రయాణించలేని మేధో దివ్యాంగులకు, తోడుగా వెళ్లే ఒకరికి రైలు టికెట్టులో రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో అది 75 శాతం.

చాలామందికి తెలియనిది 'నిరామయ' ఆరోగ్య బీమా. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర సంస్థ దీన్ని నడుపుతోంది. పుట్టుకతో వచ్చిన సమస్య అని మామూలు బీమా కంపెనీలు తిప్పి పంపే పిల్లలకు ఇది పనికొస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులు, థెరపీ ఖర్చులు కూడా ఇందులో ఉన్నాయి. ముందుగా వైద్య పరీక్షలేవీ అడగరు, వయసు పరిమితి కూడా లేదు. బిల్లులు జాగ్రత్తగా దాచి పంపితే డబ్బు తిరిగి వస్తుంది. ప్రతి ఏడూ రెన్యువల్ మాత్రం మరిచిపోవద్దు.

మూడో మెట్టు: బడి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. దగ్గర్లోని మామూలు బడిలో చదవాలా, ప్రత్యేక బడిలో చదవాలా అన్నది కుటుంబమే ఎంచుకోవచ్చు. ప్రభుత్వ బడుల పరిధిలో మండలాల్లో 'భవిత' కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులుంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. బడికి రాలేని పిల్లలకు ఇంటికొచ్చి చెప్పే ఏర్పాటు కూడా ఉంది. మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి.

'మా దగ్గర సీటు లేదు, వేరే పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు' అని చెప్పే బడులు ఇంకా ఉన్నాయి. అలాంటప్పుడు ఒక్క తల్లి వెళ్లి అడగడం వేరు, అయిదు కుటుంబాలు కలిసి చట్టం కాపీ పట్టుకుని వెళ్లడం వేరు. సంఘం అవసరం ఇక్కడే తెలిసొస్తుంది.

చదువంటే మార్కులే అనుకోవద్దు. స్నానం, బట్టలు, బజారులో చిల్లర లెక్క, బస్సెక్కడం కూడా చదువే. ఈడొచ్చేటప్పుడు అమ్మాయికి నెలసరి గురించి, పిల్లలందరికీ ఒంటిని ఎవరు ముట్టుకోవచ్చు ఎవరు ముట్టుకోకూడదు అన్నదాని గురించి ముందే నేర్పాలి. వీళ్లకేం అర్థమవుతుందిలే అని వదిలేస్తే మోసపోయేది వీళ్లే.

నాలుగో మెట్టు: 18వ పుట్టినరోజు

తల్లిదండ్రులు ఎక్కువగా మర్చిపోయే మెట్టు ఇది. 18 నిండాక బిడ్డ చట్టం దృష్టిలో పెద్దమనిషి. అప్పటి నుంచి తల్లిదండ్రులమనే ఒక్క కారణంతో బిడ్డ పేరు మీదున్న బ్యాంకు ఖాతా నడపడం, ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టడం కుదరదు. బ్యాంకు మేనేజరు 'మీరెవరు?' అని అడిగేది అప్పుడే.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దీనికి దారి చూపించింది. మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లకు చట్టబద్ధ సంరక్షకుడిని నియమించడానికి ప్రతి జిల్లాలో కలెక్టరు నాయకత్వంలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. అందులో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగ సభ్యుడు కూడా ఉంటారు. తల్లిదండ్రులు దరఖాస్తు చేసుకోవచ్చు, కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. నియామకం అయ్యాక ఆరు నెలల్లో బిడ్డ ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపించాలి. బిడ్డకు పదిహేడు నిండగానే కాగితాలు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టండి.

సంరక్షకుడు ఉన్నాడంటే బిడ్డ మాటకు విలువ లేదని కాదు. ఏ బట్టలు కావాలి, ఏ పని నేర్చుకోవాలి అన్నవి అడిగి చేయాలి. ప్యాకింగ్, బేకరీ, తోటపని, ఆఫీసు సాయం లాంటి పనులు నేర్చుకుని జీతం తెచ్చుకుంటున్నవాళ్లు ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం దివ్యాంగుల కోటాలో మేధో వైకల్యం ఉన్న విభాగానికీ వాటా ఉంది.

మా తర్వాత?

డబ్బు సంగతి ముందు చూద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే, సొంతంగా సంపాదించుకోలేని దివ్యాంగ సంతానానికి తల్లిదండ్రుల తర్వాత కుటుంబ పెన్షన్ జీవితాంతం వచ్చే నిబంధన ఉంది. తల్లిదండ్రులు బతికుండగానే ఆ పేరు పెన్షన్ కాగితాల్లో చేర్పించుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు తమ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఆస్తి విషయంలో, వైకల్యం ఉందన్న కారణంతో వారసత్వ హక్కు పోదు. హిందూ వారసత్వ చట్టంలోనూ అంతే, ముస్లిం చట్టంలోనూ అంతే. అయితే మన ముస్లిం కుటుంబాలు ఒకటి గమనించాలి. హనఫీ పద్ధతిలో ఒక వారసుడికి వీలునామాతో ఎక్కువ వాటా రాయడం మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప చెల్లదు. 'నా తర్వాత ఈ ఇల్లు చిన్నోడికే' అని నోటితో చెబితే సరిపోదు. బతికుండగానే హిబా ఇవ్వడం, ట్రస్టు పెట్టడం లాంటి దారులున్నాయి. హిబాలో స్వాధీనం కూడా అప్పగించాలి. ఏ దారైనా తెలిసిన వకీలును కలిసి, మిగతా పిల్లల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడి చేయండి.

ఉండటానికి చోటు విషయంలో, నేషనల్ ట్రస్ట్ పథకాల్లో పగటిపూట చూసుకునే కేంద్రాలు, కొన్నాళ్లు ఉంచుకుని కుటుంబానికి విరామం ఇచ్చే కేంద్రాలు, పెద్దవాళ్లకు సామూహిక గృహాలు ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థల ద్వారా వీటిని నడుపుతారు. సీట్లు తక్కువ. అవసరం వచ్చిన రోజున వెతకడం కన్నా ముందే వెళ్లి చూసి రావడం మంచిది.

అన్నదమ్ముల మీద ఎంత బరువు వేయాలన్నదీ ఆలోచించాలి. 'నీ తమ్ముడి బాధ్యత నీదే' అని ఎనిమిదేళ్ల పిల్ల చేత ఒట్టు వేయించొద్దు. ఆ పిల్లకూ బాల్యం ఉంది. పెద్దయ్యాక అడిగితే వాళ్లే ముందుకొస్తారు. దానికి వాళ్లు తమ్ముణ్ని భారంగా కాకుండా తమ్ముడిగా చూస్తూ పెరగాలి.

మీ బస్తీలో అయిదు కుటుంబాలు చాలు

సంఘం అంటే రిజిస్ట్రేషను, బ్యానరు, అతిథులు అక్కర్లేదు. అయిదు కుటుంబాలు, నెలకో ఆదివారం, రెండు గంటలు ఇచ్చే ఒక బడి గదో కమ్యూనిటీ హాలో ఉంటే చాలు. డౌన్ సిండ్రోమ్ కుటుంబాలే కానక్కర్లేదు, మేధో వైకల్యం ఉన్న పిల్లల ఇళ్లన్నీ కలవొచ్చు. మొదటి ఏడాదిలో నాలుగు పనులు పెట్టుకోండి.

ఒకటి, కొత్త ఇంటికి వెళ్లడం. దగ్గరి ఆసుపత్రి పిల్లల డాక్టరుకు, ఆశా కార్యకర్తకు మీ నంబరు ఇవ్వండి. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే వెళ్లండి. వెళ్లినప్పుడు మీ బిడ్డను కూడా తీసుకెళ్లండి. వందమంది చెప్పలేని మాట ఆ బిడ్డ సలాం చెబితేనో నవ్వితేనో వాళ్లకు అర్థమవుతుంది.

రెండు, కాగితాల బల్ల. మీలో ఒకరు స్లాట్లు, నిరామయ ఫారాలు, గడువు తేదీలు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ఎవరి సర్టిఫికెట్టు ఎప్పుడు ముగుస్తుందో నెల ముందే చెప్పండి.

మూడు, విరామం. ఒక ఆదివారం నలుగురు పెద్దవాళ్లు పిల్లలందర్నీ చూసుకుంటే, మిగతా తల్లులు రెండు గంటలు బజారుకెళ్లొచ్చు, నిద్రపోవచ్చు. ఏళ్ల తరబడి ఒక్క పూట సెలవు దొరకని తల్లికి ఇది ఏ పథకమూ ఇవ్వలేని సాయం.

నాలుగు, నాన్నల కూటమి. థెరపీకి, బడికి, సమావేశాలకు ఎక్కువగా తల్లులే వస్తారు. నాన్నలు బాధను మింగి పనిలో పడిపోతారు. వాళ్లు కూడా ఒకచోట చేరి టీ తాగుతూ మాట్లాడుకునే వీలుండాలి.

ఇలాంటి బిడ్డ లేని ఇళ్లవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. పెళ్లి పత్రిక ఇచ్చేటప్పుడు 'బాబును కూడా తీసుకురండి' అని పేరు పెట్టి పిలవండి. పాపం అనొద్దు, పాగల్ అనొద్దు, మందబుద్ధి అనొద్దు. వాడి పేరు అడగండి. మీ పిల్లలతో ఆడనివ్వండి. మీ దుకాణంలో వాడు చేయగలిగిన పని ఉంటే ఇచ్చి, జీతం ఇవ్వండి.

'మేం పోయాక వీడికెవరు?' అన్న ప్రశ్నకు ఏ ఒక్క కాగితమూ పూర్తి జవాబు కాదు. కానీ సంరక్షకుడి పేరు కలెక్టరాఫీసులో నమోదై, పెన్షన్ కాగితాల్లో బిడ్డ పేరు ఉండి, వీధిలో పది ఇళ్లవాళ్లు వాణ్ని పేరు పెట్టి పిలుస్తుంటే, ఆ అమ్మకు రాత్రి కాస్త నిద్ర పడుతుంది. ఆ పది ఇళ్లలో మీది ఒకటి కావొచ్చు.